పదిహేను ప్లేట్ల ఒప్పందం

మా దేశపు ఫుట్‌బాల్ జట్టు ఆడుతుంటే అమెరికాలో నేను కూర్చుని చూసిన చోట్లు ఇవి: ఆఫీసు పార్కింగ్‌లో, కారు స్టీరింగ్‌కి ఆనించిన ఫోన్‌లో, ఆరు సార్లు. ఆఫీసు మూడో అంతస్తు బాత్రూమ్‌లో, రెండు సార్లు. మా అపార్ట్‌మెంట్ లాండ్రీ గదిలో, డ్రయ్యర్ల చప్పుడు మధ్య, ఒకసారి. ఆ ఒక్కసారే మనవాళ్ళు ఆఖరి నిమిషంలో గోల్ వేశారు. నేను గట్టిగా అరిచాను. తువ్వాళ్ళు మడతపెట్టుకుంటున్న ఒక పెద్దాయన ఉలిక్కిపడి, "బాగానే ఉన్నావా?" అని అడిగాడు. బాగానే ఉన్నానన్నాను. ఏం జరిగిందో చెప్పబోయేసరికి ఆయన బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఓడిపోయే ఆటని ఒక్కడినే చూసినా ఫరవాలేదు, అలవాటే. గోల్ పడినప్పుడు మాత్రం ఒక్కడినే ఉండకూడదని ఆ గదిలో, సగం ఆరిన బట్టల ముందు నిలబడి అనుకున్నాను.

నేను కాకినాడలో ఇంజనీరింగ్ చదివాను. మా కాలేజీలో క్రికెట్ జట్టులో చోటు కోసం ఎనభై మంది పోటీ పడేవాళ్ళు. ఫుట్‌బాల్‌కి పదకొండు మందిని పోగుచేయడానికి పీడీ సారు స్వయంగా హాస్టల్ గదుల తలుపులు తట్టేవారు. అలా తట్టిన తలుపుల్లో నాది ఒకటి. నాలుగేళ్ళు లెఫ్ట్ బ్యాక్‌గా, వెనక వరుసలో ఎడమ పక్కన, ఆడాను. ఒక్క గోల్ కూడా వేయలేదు, కొన్ని ఆపాను. ఇప్పుడు మిషిగన్‌లో, నోవైలో, కార్ల బ్రేకులు పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. ఏ పరీక్షకైనా ముందు, ఏది ఉంటే పాసు, ఏది లేకపోతే ఫెయిలు అని కాగితం మీద రాసుకోవడం మా పని పద్ధతి. ఆ పద్ధతి మెల్లగా ఇంటికి కూడా వచ్చేసింది. కూరగాయలకీ, ప్రయాణాలకీ నా దగ్గర కంప్యూటర్లో గడుల షీట్లు ఉన్నాయి.

ఆ జనవరిలో ఆసియా దేశాల టోర్నమెంట్ వచ్చింది. నాలుగేళ్ళకొకసారి జరిగే పోటీ. అందులో చోటు దొరకడమే మన జట్టుకి పెద్ద సంగతి. గల్ఫ్‌లో ఆటలు, కాబట్టి మాకు పొద్దుటి వేళలు పడ్డాయి. మొదటిది ఆస్ట్రేలియాతో, శనివారం ఉదయం ఆరున్నరకి. రెండోది ఉజ్బెకిస్తాన్‌తో, గురువారం తొమ్మిదిన్నరకి. మూడోది సిరియాతో, మంగళవారం ఆరున్నరకి. ఈసారి పార్కింగ్‌లో చూడకూడదని, ఏదైనా పబ్ వెతకాలని నిర్ణయించుకుని షీట్ తెరిచాను. పబ్ పాస్ కావడానికి నాలుగు షరతులు: ఆరున్నరకి తలుపు తీసి ఉండాలి, పెద్ద తెర మీద చూపించాలి, మాటలు వినపడాలి, మమ్మల్ని చూసి ఎవరూ విసుక్కోకూడదు.

నా రూమ్మేట్‌ది హనుమకొండ. క్రికెట్ తప్ప మరోటి ఆటే కాదంటాడు. నా భుజం మీదుగా షీట్‌లోకి తొంగిచూసి నవ్వాడు.

"అరేయ్, గీ నాలుగో షరతుకు సెన్సర్ యాడ పెడ్తవ్‌రా?"

"నువ్వు వస్తావా రావా?"

"వస్త గని, ఒక్క మాట రాస్కో నీ షీట్ల. మనోళ్ళు ఈ మూడు మ్యాచులల్ల ఒక్క గోల్ కొడ్తె, నేను పిట్స్‌బర్గ్ గుడికి పొయ్యి వెంకన్నకు గుండు ఇస్త."

రాసుకున్నాను. వాడికి తన జుట్టంటే ప్రాణం. ఆ పందెంలో మా జట్టు మీద వాడికి నమ్మకం ఎంత ఉందో కచ్చితంగా తెలిసింది.

మొదట పెద్ద రోడ్డు మీది స్పోర్ట్స్ బార్‌కి వెళ్ళాను. లోపల ముప్పై టీవీలు ఉన్నాయి. మేనేజరు కుర్రవాడు, ఎగతాళి ఏమీ లేకుండా, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు: "ఇండియా సాకర్ కూడా ఆడుతుందా?" ఆడుతుందన్నాను. బాత్రూమ్ పక్కనున్న టీవీలో, మాటలు లేకుండా, పదకొండు గంటలకి తలుపు తీశాక అయితే చూపించగలనన్నాడు. అప్పటికి ఆట అయిపోయి మా వాళ్ళు హోటల్‌కి కూడా చేరిపోతారు.

రెండోది, ఒక ఇంగ్లీషు క్లబ్బు అభిమానులు శనివారం పొద్దున్నే కూడే చోటు. మర్యాదస్తులు. తెల్లవారకముందే తలుపు తీస్తారు కూడా. కానీ వాళ్ళ ఆట ఏడున్నరకి. "మొదటి సగం మీది, రెండో సగం మాది" అన్నాడు ఎర్ర మఫ్లరు కట్టుకున్న పెద్దమనిషి, ఎంతో ఉదారంగా. సగం ఆటకి నా షీట్‌లో గడి లేదు.

మూడోది మన వాళ్ళ రెస్టారెంటే, పక్కన బార్ ఉంది. యజమాని గుంటూరాయన.

"క్రికెట్ అయితే చెప్పు బాబూ, ప్రొజెక్టర్ పెట్టేస్తా, మిరపకాయ బజ్జీలు నేనే పెడతా. ఫుట్‌బాల్ ఏంటయ్యా? ఆరున్నరకి మా వంటాయన దుప్పట్లోంచి కాలు కూడా బయటపెట్టడు."

"ఒక్క రోజు సార్."

"ఒక్క రోజుకి ఎవడొస్తాడు? నువ్వొస్తావు. నువ్వొక్కడివే అయితే మా ఇంటికి రా, మా ఆవిడ కాఫీ ఇస్తుంది, ఫోన్‌లో చూసుకో."

నాలుగోది నాకు ఉద్యోగంలోనే దొరికింది. మంచు పడిన రోడ్డు మీద బ్రేకులు ఎలా పట్టుకుంటాయో చూడటానికి కొన్ని రోజులు తెల్లవారకముందే టెస్ట్ కారు నడపాలి. మా దారిలో, నోవై దాటాక, చెక్క గోడల పబ్ ఒకటి ఉంది. ఉదయం ఏడుకి పది నిమిషాల ముందు దాని ముందు ఎప్పుడూ ఎనిమిదో తొమ్మిదో పికప్ ట్రక్కులు ఇంజన్లు ఆపకుండా ఆగి ఉండేవి. ఒక్కో దాంట్లో ఒక్కో మనిషి. అందరూ ఆ తలుపు వంకే చూస్తూ ఉండేవారు. దగ్గర్లో కారు డోర్ల రేకులు ఒత్తే ఫ్యాక్టరీ ఉంది. ఆరింటికి నైట్ షిఫ్టు దిగినవాళ్ళు, ఏడింటికి తీసే పబ్ కోసం గంటసేపు ట్రక్కుల్లో కూర్చుంటారన్నమాట. ఉదయాన్నే తీసే పబ్ అంటే మొదటి షరతు దాదాపు పాసైనట్టే. మొదటి ఆట ఉన్న వారం, సోమవారం సాయంత్రం లోపలికి వెళ్ళాను.

యజమానురాలికి అరవై దాటి ఉంటాయి. కళ్ళజోడు తల మీదికి నెట్టుకుని పెనం గీకుతోంది. వంట కూడా ఆవిడే చేస్తుంది. వచ్చిన పని చెప్పాను.

"ఎవరి ఆట?"

"ఇండియా, ఆస్ట్రేలియా."

"ఇండియా గెలుస్తుందా?"

"గెలవదు."

ఆవిడ గీకడం ఆపి నన్ను చూసింది. తర్వాత చాలాసేపు నవ్వింది. "ఇరవై ఏళ్ళుగా ఆటలు పెట్టమని అడిగేవాళ్ళని చూస్తున్నాను. ఇలా జవాబు చెప్పినవాడివి నువ్వే, హనీ."

ఛానెల్ నా ల్యాప్‌టాప్‌లో ఉందని, దాన్ని టీవీకి కలిపే తీగ కూడా నేనే తెస్తానని చెప్పాను. పెద్ద తెర ఇస్తానంది, మాటలు కూడా పెడతానంది. ఒక్కటే మాట అడిగింది. "పదిహేను ప్లేట్లు. పదిహేను మంది కూర్చుని బ్రేక్‌ఫాస్ట్ తింటారంటే ఆరుంపావుకి తలుపు తీస్తాను. ఒక్కడికి గుడ్లు వేయడానికి మాత్రం నాలుగున్నరకి లేవను. ఈ శనివారం మాట నిలబెట్టుకుంటే మిగతా రెండు ఆటల సంగతీ చూద్దాం."

ఒప్పుకుని చేయి కలిపాను. కారెక్కాక గాని తెలియలేదు, నాకు ఈ దేశంలో పదిహేను మంది తెలియదని.

మా అపార్ట్‌మెంట్ తెలుగు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఫుట్‌బాల్ అని మూడు సార్లు రాశాను, క్రికెట్ కాదని ఒకసారి రాశాను. వచ్చిన జవాబుల్ని షీట్‌లోకి ఎక్కించాను. "పక్కా" అన్నవాళ్ళు ఏడుగురు. బొటనవేలు గుర్తు పెట్టినవాళ్ళు ఎనిమిది మంది. "ట్రై చేస్తా బ్రో" అన్నవాళ్ళు ఆరుగురు. నమస్కారం గుర్తు పెట్టినాయన ఒకరు. ఆయన్ని ఏ గడిలో పెట్టాలో తెలియలేదు. ఎవరి కారులో ఎవరు, ఎవరి టైర్లు మంచుకి పనికొస్తాయి, ఎవరిని ఐదున్నరకి ఫోన్ చేసి లేపాలి, అన్నీ రాశాను. పై అంతస్తులో ఉండే అక్క మొత్తం కుటుంబంతో వస్తానంది. విజయవాడ ఆవిడ, మా అందరికీ పండగలకి పులిహోర పంపిస్తుంది.

"నలుగురం రాసుకో తమ్ముడూ. మా ఆయన, నేను, పిల్లలిద్దరు. పిల్లలు కూడా ప్లేట్లే కదా?"

"ప్లేట్లే అక్కా."

"అయితే రాసుకో. గెలిచినా ఓడినా మన జెండా కనపడుద్ది కదా, పిల్లలు చూస్తారు."

శనివారం తెల్లవారుజామున నాలుగంగుళాల మంచు పడింది. ఆరుంపావుకి పబ్ ముందుకి చేరేసరికి ట్రక్కులు అప్పటికే ఆగి ఉన్నాయి. తలుపు తెరుచుకోగానే మా వెనకే ట్రక్కుల్లోని మనుషులు కూడా దిగారు. వాళ్ళకి ఎందుకు ముందుగా తీశారో తెలియదు, అడగలేదు. కాళ్ళు టపటపలాడించి మంచు దులుపుకుని బార్ దగ్గర ఎత్తు స్టూళ్ళ మీద కూర్చున్నారు. మిషిగన్‌లో ఏడు దాటందే మందు పోయకూడదు కాబట్టి కాఫీలు తీసుకున్నారు.

నేను లెక్కపెట్టాను. షీట్‌లోని వాళ్ళలో పన్నెండు మంది పెద్దలు, అక్క ఇద్దరు కూతుళ్ళు, నాతో కలిపి పదిహేను. "ట్రై చేస్తా" అన్నవాళ్ళలో ముగ్గురు వచ్చారు, "పక్కా" అన్నవాళ్ళలో ఇద్దరు రాలేదు. నమస్కారం పెట్టినాయన అందరికంటే ముందు వచ్చారు. తెర మీద మా జట్టు జెండా వెనక వరుసగా నిలబడి జనగణమన పాడుతుంటే అక్క లేచి నిలబడింది, అందరం లేచాం. పబ్‌లో, బూట్ల కింద మంచు కరుగుతుండగా, పాడాం. నా షరతుల్లో నాలుగూ పాసయ్యాయి. అంత హాయిగా నేను ఈ దేశంలో ఎప్పుడూ కూర్చోలేదు.

అప్పుడు యజమానురాలు చిన్న కాగితాల పుస్తకం పట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చింది.

"నైట్ షిఫ్టు ప్లేట్ అందరికీ ఒకటేనా? మూడు గుడ్లు, బేకన్, సాసేజ్, హ్యామ్."

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నమస్కారం పెట్టినాయన ముందుగా అన్నారు: "నాకు కాఫీ చాలండీ, ఇవాళ శనివారం."

"మాకూ శనివారమే" అంది అక్క.

షీట్‌లో టైర్లకి గడి ఉంది, అలారాలకి గడి ఉంది. శనివారం మాత్రం అందులో ఒక తేదీగానే ఉంది, వారంగా లేదు. మా అమ్మ ఇప్పటికీ ఫోన్‌లో శనివారమని గుర్తుచేస్తుంది, నేను ఊఁ కొడతాను. పదిహేను మందిలో తొమ్మిది మంది శనివారాలు వెంకటేశ్వరస్వామికి నీచు మానేసినవాళ్ళు. మిగతా ఆరుగురం తినేవాళ్ళమే. కానీ పక్కన తొమ్మిది మంది నిష్ఠగా కాఫీ తాగుతుంటే బేకన్ తెప్పించుకునే ధైర్యం మాలో ఎవరికీ లేదు. రూమ్మేట్ మాత్రం మెనూ వంక ఆశగా చూశాడు. అక్క వాడి వంక చూసింది.

"నేన్ గూడ ఇయ్యాల తినను అక్కా" అన్నాడు, మెనూ మూసేస్తూ. తర్వాత నా చెవిలో, "నీ అసోంటి ప్లానర్‌ను సాటిలైట్లు పంపనీకి పెట్టాలెరా. గుడి మీద దిగుతయ్" అన్నాడు.

ఆవిడ కలం పట్టుకుని నిలబడే ఉంది. నేను లేచి, ఆవిడని పక్కకి పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పాను. మా వాళ్ళలో చాలామంది వారంలో ఒక రోజు మాంసం తినరని, ఆ రోజు దేవుడికని, అది ఈ రోజేనని, నేను మరిచిపోయానని. పదిహేను మందిని తెచ్చాను గానీ పదిహేను ప్లేట్లు తేలేకపోయానని.

ఆవిడ మా బల్ల వైపు, పెనం వైపు చూసింది. "గుడ్లు?"

"గుడ్లు కూడా."

"పాన్‌కేకులు?"

"వాటిలో గుడ్డు ఉంటుంది కదా."

"నాలుగున్నరకి లేచాను, హనీ" అంది ఆవిడ మెల్లగా. అంతకంటే గట్టిగా తిట్టినా బాగుండేది.

అక్క అప్పటికి మా పక్కకి వచ్చింది. ఇంగ్లీషులోనే, కానీ మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద మాట్లాడే గొంతుతోనే అడిగింది. బంగాళాదుంప తురుము కాలుస్తారు కదా, అది ఉందా అని. ఉందంది ఆవిడ. దాన్ని బేకన్ కాల్చే పెనం మీద కాకుండా వేరే దాని మీద కాల్చగలరా అని అడిగింది. ఆవిడ పై అరలోంచి ఇంకా అట్టపెట్టె విప్పని పెనం ఒకటి దించింది. డబ్బాలోని బీన్స్ ఇవ్వగలనంది. అక్క డబ్బా అడిగి తీసుకుని, తిప్పి, వెనకున్న చిన్న అక్షరాలు చదివి, "ఇందులో పంది ఉంది" అని తిరిగి ఇచ్చేసింది.

"ఇరవై ఏళ్ళుగా తెరుస్తున్నాను, ఎప్పుడూ చదవలేదు" అంది ఆవిడ.

అలా పదిహేను ప్లేట్లలో దుంప అట్టు, కాల్చిన బ్రెడ్డు, వేయించిన పుట్టగొడుగులు, టమాటా ముక్కలు వచ్చాయి. చప్పగా ఉన్నాయని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. అక్క బ్యాగులోంచి చిన్న స్టీలు డబ్బా తీసింది. కరివేపాకు కారం. డబ్బా బల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళింది. బార్ దగ్గర కూర్చున్న నారింజరంగు జాకెట్ పెద్దమనిషి, బట్టతల ఆయన, చాలాసేపు చూసి అడిగేశాడు: "అది ఏంటి?" అక్క పెద్ద కూతురు, అచ్చం అమెరికా యాసలో, "వెరీ స్పైసీ అంకుల్, కొంచమే పెట్టుకో" అంది. ఆయన కొంచమే పెట్టుకోలేదు. ఏడు గంటలయ్యేదాకా నీళ్ళు తాగుతూనే ఉన్నాడు. ఏడు కాగానే బీరు అడిగాడు.

మొదటి సగం మనవాళ్ళు ఆస్ట్రేలియాని గోల్ వేయనివ్వలేదు. రెండో సగంలో వాళ్ళవి రెండు పడ్డాయి. అందరూ ఇళ్ళకి బయల్దేరాక నేను తీగ చుట్టుకుంటూ ఆగాను. గురువారం, మంగళవారం సంగతి ఆవిడకి ఎలాగూ చెప్పాలి. చెప్పకుండా ఇంకోసారి పదిహేను ప్లేట్లని మాట ఇస్తే అది అబద్ధమవుతుంది. ఆర్డర్ల పుస్తకంలోంచి ఒక కాగితం అడిగి తీసుకుని పట్టిక గీశాను. ఎడమవైపు వారాలు, కుడివైపు వివరాలు. మంగళవారం ఆంజనేయుడికి, నలుగురు తినరు. గురువారం బాబాకి, ఐదుగురు తినరు. శనివారం వెంకటేశ్వరుడికి, తొమ్మిది మంది. మిగిలిన ఆటలు రెండూ ఇందులో పడ్డాయని చూపించాను.

"మీ టీమ్ ఆటలు పెట్టినవాడికి మీ దేవుళ్ళు బాగా తెలుసు" అంది ఆవిడ. తర్వాత కళ్ళజోడు కిందికి దించి పట్టిక మళ్ళీ చదివింది. "శుక్రవారం ఎవరికీ లేదా?"

"మా వాళ్ళలో లేదు. కొందరికి ఉంటుంది."

"మా అమ్మకి ఉండేది. ఈస్టర్ ముందు శుక్రవారాలు చేపే, మాంసం లేదు. మా నాన్న గొణుక్కుంటూ తినేవాడు." కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "గురువారం తొమ్మిదిన్నరకి ఎలాగూ తెరిచే ఉంటాను, రండి. మంగళవారం మాట ఇవ్వను. సోమవారం వచ్చి ఎంతమందో చెప్పు. నిజం లెక్క చెప్పు."

గురువారం ఆఫీసు రోజు. నలుగురం వచ్చాం. రూమ్మేట్ పబ్ మూల నుంచే మీటింగులో ఉన్నాడు, కెమెరా ఆపేసి. నాలుగో నిమిషంలోనే ఉజ్బెకిస్తాన్ గోల్ వేసింది. వాడు "అయ్యో" అన్నాడు. మైక్ ఆపడం మరిచిపోయాడు. అవతల వాడి మేనేజర్, తన ప్రెజెంటేషన్‌లో తప్పేముందని అడిగింది. మొత్తం మూడు గోల్స్ పడ్డాయి, మూడూ వాళ్ళవే. రెండు ఓటముల తర్వాత మా ముందుకెళ్ళే దారి దాదాపు మూసుకుపోయింది.

సోమవారం సాయంత్రానికి షీట్‌లో మంగళవారం గడి ఇలా ఉంది: నేను, రూమ్మేట్, అక్క, బావగారు, నమస్కారం పెట్టినాయన. ఐదు. వాన పడి గడ్డకడుతుందని వాతావరణం హెచ్చరిక. "ఇంకో పది మంది వస్తారని చెప్పెయ్‌రా, తలుపు తీసినంక ఏం జేస్తది?" అన్నాడు రూమ్మేట్. వాడు చెడ్డవాడు కాదు, వాడికి అప్పటికి ఆట రుచి తగిలింది. చెప్పెయ్యవచ్చు. కానీ ఆవిడ నాలుగున్నరకి లేచి ఐదుగురిని చూసిందంటే ఆ పబ్ నా షీట్‌లోంచి శాశ్వతంగా పోతుంది. మళ్ళీ పార్కింగ్, మళ్ళీ స్టీరింగ్.

వెళ్ళి చెప్పాను. "ఐదుగురం. అందులో ముగ్గురు మాంసం తినరు. మంచుకి ఒకరు తగ్గవచ్చు కూడా."

ఆవిడ బార్ మీద మోచేతులు ఆనించింది. చేతిలో ఉన్న గుడ్డతో ఒకే చోట చాలాసేపు తుడిచింది.

"శనివారం మీ వెనకాలే వచ్చినవాళ్ళని చూశావా?"

"ట్రక్కుల వాళ్ళా?"

"ఆరింటికి షిఫ్టు దిగి ఏడుదాకా చలిలో కూర్చుంటారు. కనీసం కాఫీకైనా ముందు తీయమని ఏళ్ళుగా అడుగుతున్నారు. నేను లేవలేనని చెప్తూ వచ్చాను. శనివారం లేచాను. చచ్చిపోలేదు." నిట్టూర్చింది. "ఆ బట్టతల ఆయన ఇవాళ పొద్దున అడిగాడు, ఇండియా వాళ్ళ ఆట ఎప్పుడని. తనతో పాటు పది మంది వస్తారట. ఐదూ పదకొండూ ఎంత, ఇంజనీర్?"

"పదహారు."

"ఒకటి ఎక్కువే ఉంది. ఆరుంపావుకి రండి."

మంగళవారం రోడ్లన్నీ గాజులా ఉన్నాయి. టెస్ట్ కారు నడిపినంత జాగ్రత్తగా నడిపాను. పబ్ కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయి, ట్రక్కులు ఆగి ఉన్నాయి, కానీ ఇంజన్లు ఆపేసి ఉన్నాయి. ట్రక్కుల్లో ఎవరూ లేరు. అందరూ లోపలే ఉన్నారు, కాఫీలు పట్టుకుని, స్టూళ్ళు తెర వైపు తిప్పుకుని. మా ఐదుగురికీ ముందు వరుస ఖాళీగా ఉంచారు. అక్క కూర్చోకముందే కారం డబ్బా బార్ వైపు పంపించింది.

ఆట మొదలయ్యాక బట్టతల ఆయన ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఆఫ్‌సైడ్ అంటే ఏంటి, ఆ మూడో నంబర్ ఎందుకు అంత ముందుకెళ్ళడు. "వాడు లెఫ్ట్ బ్యాక్. ముందుకెళ్తే వెనక ఖాళీ అవుతుంది. నేనూ అక్కడే ఆడేవాణ్ణి" అని చెప్పాను. ఈ దేశంలో ఎవరితోనూ నేను ఆ మాట అనలేదు. ఆయన తలాడించి, "రేకులు ఒత్తే ప్రెస్ దగ్గర నా పనీ అంతే. కదిలానంటే చేతులు పోతాయి" అన్నాడు.

"వీళ్ళు ఇప్పటిదాకా ఎన్ని గోల్స్ వేశారు?"

"ఈ టోర్నమెంట్‌లో ఒక్కటీ లేదు."

"ఒక్కటి కొడ్తె నాకు గుండు" అని రూమ్మేట్ ఇంగ్లీషులో వివరించాడు, తన జుట్టు చూపించి. పదకొండు మంది షిఫ్టు మనుషులూ ఆ క్షణం నుంచి ఇండియా పక్షం చేరిపోయారు.

ఒకసారి మా జట్టు వాడొకడు ఎడమ పక్క నుంచి బంతి ఎత్తి కొట్టాడు. మధ్యలో ఇంకొకడు గాల్లోకి లేచాడు. తల తగిలింది. ఆ అర క్షణం గదిలో ఉన్నవాళ్ళందరూ లేచారు. అక్క లేచింది, బావగారు లేచారు, నమస్కారం పెట్టినాయన కుర్చీ వెనక్కి పడింది. నారింజ జాకెట్లు లేచాయి. వంటగది కిటికీలోంచి గరిటె పట్టుకున్న చేయి ఒకటి బయటికి వచ్చింది. రూమ్మేట్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. బంతి గోల్ స్తంభానికి జానెడు పక్కనుంచి పోయింది.

"ఓహ్!" అని పదిహేడు గొంతులు ఒక్కసారి అన్నాయి. తర్వాత అందరూ ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. బట్టతల ఆయన నా భుజం మీద బరువుగా చేయి వేసి, కూర్చునేదాకా తీయలేదు. నేను తెర వైపు చూడలేదు కాసేపు. గదినే చూశాను.

గోల్ పడలేదు. రెండో సగం చివర్లో సిరియా వాళ్ళు ఒకటి వేశారు. మూడు ఆటలు, మాకు సున్నా గోల్స్. రూమ్మేట్ జుట్టు దువ్వుకున్నాడు. బట్టతల ఆయన వాడి తల వైపు విచారంగా చూసి, "దగ్గరికొచ్చింది బాబూ. మళ్ళీ ఎప్పుడు ఆడతారు?" అని అడిగాడు. మార్చిలో అన్నాను. మార్చి ఎన్నో తారీకని అడిగి, చెప్పించుకుని, గ్లవ్ మీద పెన్నుతో రాసుకున్నాడు.

వెళ్ళేముందు తీగ తీయడానికి టీవీ వెనక్కి వెళ్తుంటే వంటగది కిటికీ పక్కన, పెనానికి పైన, నా పట్టిక కనిపించింది. టేపుతో అంటించి ఉంది. నూనె మరకలు అప్పుడే పడ్డాయి. మంగళ, గురు, శని వారాలకి ఎదురుగా ఆవిడ 'కొత్త పెనం' అని రాసుకుంది. కింద, నేను గీయని గీత ఒకటి కొత్తగా గీసి, శుక్రవారం అని రాసి, పక్కన 'అమ్మ' అని రాసింది.

తీగ చుట్టబోతుంటే ఆవిడ వెనకనుంచి పిలిచింది.

"అది అక్కడే ఉంచు. ప్రతిసారీ మోసుకురావడం ఎందుకు?"

ఉంచేసి వచ్చాను. ఆ సాయంత్రం షీట్ తెరిచి, సామాన్ల జాబితాలో తీగ ఎదురుగా 'ఎక్కడుంది' అన్న గడిలో ఆ పబ్ పేరు రాశాను.